దుప్పులు తగ్గింది పులి వల్ల కాదు

సంపాదకుల వారికి, నమస్కారం.

మాది అమ్రాబాద్ అడవి అంచున ఉన్న ఊరు. నా చిన్నప్పుడు పొద్దుగూకే వేళ చుక్కల దుప్పులు మందలుగా మా కుంటలో నీళ్లకు దిగేవి. ఇప్పుడు నెలకొకటి కనిపిస్తే గొప్ప. పులులు, చిరుతలు తినేస్తున్నాయని ఊళ్లో అంటున్నారు. పులి నిన్నమొన్న వచ్చింది కాదు కదా! కడుపు నిండితే పులి ఆగుతుంది, ఉచ్చు ఆగదు. మొన్న మా చేను గట్టున బైకు క్లచ్ వైరుతో పెట్టిన ఉచ్చులో ఆడ దుప్పి పడి చచ్చింది. వైరు మెడలోకి ఎముక దాకా దిగింది. గింజుకుని గింజుకుని కాళ్లతో నేలంతా తవ్వేసింది. చూసిన రోజు అన్నం సయించలేదు. ఇక కూనల్ని ఊరకుక్కలు బతకనివ్వడం లేదు. అడవిలో దుప్పి కరువైతే చిరుత మన పశువుల కొట్టానికే వస్తుంది.

వేట మీద బతికిన చెంచుల బాధ వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది. అయినా ఉచ్చు ఎవరు పెట్టినా అనుమానం తమ మీదికే వస్తోందని పక్క పెంటలోని (చెంచుల గూడెంలోని) తాత ఒకాయన నా దగ్గర కంటతడి పెట్టుకున్నాడు. ఎండాకాలం నీటిగుంటల చుట్టూ ఉచ్చులు వెతికి తీసే పనిని సరైన కూలి ఇచ్చి చెంచు యువకులకే అప్పగించాలని అధికారులను వేడుకుంటున్నాను.

– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా