ఏపీఐ సర్వర్ పోర్టులు: ఫైర్‌వాల్ పెట్టేముందు చదవండి

అందరికీ నమస్తే. కొత్త కుబర్నెటీస్ (కంటైనర్లను నడిపే వ్యవస్థ) క్లస్టర్‌కి ఫైర్‌వాల్ రూల్స్ రాసేవాళ్లు ఒకసారి ఇటు చూడండి. బయటి నుంచి తెరవాల్సింది ఏపీఐ సర్వర్ (క్లస్టర్‌కి వచ్చే ఆదేశాలు తీసుకునేది) పోర్టు 6443 ఒక్కటే, అదీ మన వీపీఎన్ రేంజికి మాత్రమే. (వర్కర్ నోడ్లకి ఎలాగూ కావాలి.) "ప్రస్తుతానికి 0.0.0.0/0 (అంటే అందరికీ) ఇచ్చేద్దాం, తర్వాత మారుద్దాం" అనకండి, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఈటీసీడీ (క్లస్టర్ డేటా దాచే డేటాబేస్) పోర్టులు 2379, 2380 కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ని నడిపించే భాగం) నోడ్ల మధ్యే ఉండాలి. క్యూబ్‌లెట్ (ప్రతి నోడ్‌లో పాడ్లను, అంటే కంటైనర్ల గుంపులను, నడిపే ఏజెంట్) పోర్టు 10250కి కంట్రోల్ ప్లేన్ నుంచి దారి ఉండాలి, లేదంటే పాడ్లు నడుస్తూనే ఉంటాయి గానీ లాగ్స్ రావు, ఎగ్జెక్ (పాడ్ లోపల కమాండ్ నడపడం) పనిచేయదు.

లోడ్ బ్యాలన్సర్ పేరుతో కనెక్ట్ అయితే ఎక్స్509 (సర్టిఫికెట్) ఎర్రర్ వస్తోందా? సర్టిఫికెట్‌లో ఆ పేరు లేదన్నమాట. క్యూబ్‌అడ్మ్ (క్లస్టర్‌ని లేపే టూల్) కాన్ఫిగ్‌లో సర్ట్‌శాన్స్ (సర్టిఫికెట్‌లో చేర్చే అదనపు పేర్ల జాబితా) కింద చేర్చి, పాత ఏపీఐ సర్వర్ సర్టిఫికెట్, కీ పక్కకు తీసి, మళ్లీ జనరేట్ చేసి, ఆ పాడ్ రీస్టార్ట్ చేయండి. టీఎల్ఎస్ వెరిఫై స్కిప్ (సర్టిఫికెట్ తనిఖీ వద్దనే ఆప్షన్) పెట్టి దాటేయడం మాత్రం వద్దు.

అడ్మిన్ కాన్ఫ్ ఫైల్ (క్లస్టర్ అడ్మిన్ లాగిన్ వివరాలు ఉండేది) దయచేసి ఈ గ్రూపులో పెట్టకండి. 1.29కి ముందు క్యూబ్‌అడ్మ్‌తో లేపిన క్లస్టర్లలో అందులో ఉండేది సిస్టమ్ మాస్టర్స్ (పూర్తి అధికారాలున్న గ్రూపు) సర్టిఫికెట్, దాన్ని ఆర్‌బీఏసీతో (ఎవరికేం అనుమతో చెప్పే రూల్స్‌తో) ఆపలేం. యాక్సెస్ కావాల్సినవాళ్లు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఎవరిది వాళ్లకి చేసిస్తా.