తొంభై రోజులు లెక్కపెట్టాల్సింది తరగతి గదిలో

సంపాదకునికి,

సెమిస్టర్ పరీక్షలు మళ్లీ వాయిదా పడ్డాయన్న వార్త పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చింది. విద్యార్థులు ఊపిరి పీల్చుకున్నారని రాశారు. ఇప్పుడు వెనక్కి జరిగిన రెండు వారాలూ వచ్చే సెమిస్టర్ పాఠాల్లోంచే కోత పడతాయి. ఆ మాట వార్తలో లేదు, అధికారులూ చెప్పలేదు.

సెమిస్టర్ అంటే 15 నుంచి 18 వారాలు, అందులో 90 రోజులు పాఠం జరగాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) క్రెడిట్ల పద్ధతి (సీబీసీఎస్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. అకడమిక్ క్యాలెండర్ వేసేవాళ్లు మొదటి తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా లెక్కగట్టి తొంభై వచ్చాయంటారు. ఆ తొంభైలోనే రెండు మిడ్‌లు (సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే ఇంటర్నల్ పరీక్షలు), ల్యాబ్ ఇంటర్నల్స్, ఫెస్ట్, పోటీ పరీక్షలకు కాలేజీని సెంటరుగా ఇచ్చిన రోజులు కలిసిపోతాయి. పండగ సెలవులకు ముందూ వెనకా హాస్టల్ పిల్లలు రాని రోజులు వేరు. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు వారానికి మూడు పీరియడ్లు, 15 వారాలకు 45. సిలబస్‌లోని ఐదు యూనిట్లకు పంచితే తలా తొమ్మిది. పన్నెండు పనిదినాలు, అంటే రెండు వారాలు పోతే ఆరు పీరియడ్లు పోయినట్టే. ఆ దెబ్బ ప్రతిసారీ ఐదో యూనిట్ మీదే పడుతుంది. ఆఖరి పరీక్షలో మాత్రం దానికీ మిగతావాటితో సమానంగా మార్కులుంటాయి.

రెండో మిడ్ సంగతి మరీ అన్యాయం. తరగతులు ముగిసే వారంలో పెడతారు. ఒక్కో అధ్యాపకుడికి 60 మంది చొప్పున మూడు సెక్షన్లంటే 180 పేపర్లు. పేపరుకు ఐదు నిమిషాలు వేసుకున్నా 15 గంటల పని, అదీ రోజువారీ పాఠాలు, ల్యాబ్‌లు కాక. రెండు రోజుల్లో మార్కులు ఎక్కించమని సర్క్యులర్ వస్తుంది. దిద్దిన పేపరు పిల్లాడి చేతికిచ్చి, తప్పు ఇక్కడ జరిగిందని చెప్పడానికి పీరియడే మిగలదు. ఇక ఆ ఇంటర్నల్ ఎందుకు? పదమూడో వారంలో మిడ్, పద్నాలుగో వారంలో పేపర్లు తిరిగివ్వడం, పదిహేనో వారంలో ఐదో యూనిట్ చివరి భాగం, పునశ్చరణ: ఇలా వేస్తే సరిపోతుంది. ఐదో యూనిట్‌లో మిడ్ నాటికి పూర్తయినంత వరకే ప్రశ్నలివ్వాలి.

అసైన్‌మెంట్లూ అంతే. ఆరు సబ్జెక్టులవీ మిడ్‌కు ముందు వారమే అడిగితే ఒకరిది చూసి ఆరుగురు రాసేస్తారు. తప్పు పిల్లలది మాత్రమే కాదు. సెమిస్టర్ మొదటి వారంలోనే డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుని, ఒకే చార్టు మీద వారానికి రెండు సబ్జెక్టులకు మించకుండా గడువులు రాసుకోవాలి.

ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లు దాన్ని తామే ఒకసారి రాసి చూడాలి. రెండు గంటల పేపరు తమకు నలభై నిమిషాల్లో పూర్తికాకపోతే పిల్లలకు రెండు గంటలు చాలవు. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో పరీక్షకు ముందే రాసిపెట్టుకోకపోతే, మొదట దిద్దిన ముప్పై పేపర్లకూ చివరి ముప్పైకీ పొంతన ఉండదు.

టైమ్‌టేబుల్ ప్రకటించేముందు బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టుల) పరీక్ష ఫీజు కట్టినవారి జాబితాతో సరిచూసుకునే తీరిక కూడా పరీక్షల విభాగాలకు లేకుండా పోయింది. ఒకే విద్యార్థికి పొద్దున రెగ్యులర్, మధ్యాహ్నం సప్లిమెంటరీ పడుతోంది. అన్నిటికన్నా బాధ కలిగించేది రీవాల్యుయేషన్, అంటే జవాబుపత్రం మళ్లీ దిద్దించుకోవడం. దాని ఫలితం రాకముందే సప్లీ ఫీజు గడువు ముగుస్తుంది. పాసవుతానని నమ్మకమున్న పిల్లాడు కూడా భయపడి రెండు ఫీజులూ కడతాడు. కూలి చేసి చదివించే తల్లిదండ్రుల డబ్బది. రీవాల్యుయేషన్ ఫలితం వచ్చాక కనీసం వారం రోజులు ఆగి సప్లీ ఫీజు ఆఖరి తేదీ పెట్టండి. ఇందుకు కొత్త జీవో ఏదీ అక్కర్లేదు, క్యాలెండర్‌లో ఒక తేదీ మార్చితే చాలు.

– ఒక అధ్యాపకురాలు, ఖమ్మం