మీ అప్‌డేట్ మా రైతుల ఖాతా సంఖ్యలను మార్చేసింది

జడ్చర్ల,
మహబూబ్‌నగర్ జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: అప్‌డేట్ తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో ఖాతా సంఖ్యలు, తేదీలు మారిపోవడం గురించి.

ఆర్యా,

నేను బాదేపల్లి మార్కెట్ యార్డులోని ఒక అడ్తి (కమీషన్ మీద పంట అమ్మిపెట్టే) దుకాణంలో లెక్కలు రాస్తాను. యాసంగి పల్లి దిగే రోజుల్లో లాటుకు (పంట కుప్పకు) ధర ఖాయమై దడ్వాయి (తూకం మనిషి) తూకం వేయగానే హమాలీ, తూకం ఖర్చులు తీసి రైతు చేతికి తక్‌పట్టీ, అంటే బరువు, ధర రాసిన అమ్మకం చీటీ, ఇవ్వాలి. సాయంత్రానికి రైతుల ఖాతా సంఖ్యలు, వారికి రావలసిన మొత్తాలు ఒక ఫైలుగా చేసి బ్యాంకుకు పంపాలి. ఈ పనంతా ఏటా చందా కట్టి వాడుతున్న మీ స్ప్రెడ్‌షీట్‌లోనే చేస్తున్నాం.

మొన్న మార్చి చివరి వారంలో మీ అప్‌డేట్ ఎవరినీ అడగకుండా రాత్రికి రాత్రి ఎక్కింది. అంతకుముందు కామాలతో విడదీసిన ఫైలు తెరిస్తే, ఏ నిలువు వరుసను అంకెగా తీసుకోవాలి, దేన్ని అక్షరాలుగా ఉంచాలి అని అడిగేది. ఇప్పుడు ఆ ప్రశ్న లేదు. ఫైలు తెరిచీ తెరవగానే తనకు తోచినట్లు మార్చేస్తోంది. మా రైతుల్లో కొందరి ఖాతా సంఖ్యలకు 16 అంకెలుంటాయి. మీ షీటు 15 అంకెల వరకే కచ్చితంగా నిలుపుకుంటుంది, ఆపైది సున్నా అయిపోతుంది. గడిలో చూస్తే 4.12E+15 లాంటి ఒక పొట్టి రూపం కనిపిస్తుంది కాబట్టి చివరి అంకె పోయిన సంగతి కంటికి ఆనదు. అదే ఫైలును భద్రపరిస్తే అసలు సంఖ్య ఇక తిరిగి రాదు. సున్నాతో మొదలయ్యే ఖాతా సంఖ్యలకైతే ముందున్న సున్నాలే ఎగిరిపోయాయి.

అలా వెళ్లిన చెల్లింపుల్లో కొన్ని వెనక్కి వచ్చాయి. వెనక్కి రావడం మా అదృష్టమే అనుకోవాలి. బ్యాంకులో జమ పడేది ఖాతా సంఖ్యను బట్టే. ఆ తప్పు సంఖ్యతో నిజంగా ఎవరి ఖాతా అయినా ఉండి ఉంటే, రైతు ఏడాది కష్టం ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పడేది.

మిడ్జిల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి మీకు చెప్పి తీరాలి. ఆయన పల్లి అమ్మిందే పంట రుణం కట్టడానికి. గడువులోగా కడితే 7 శాతం వడ్డీ 4 శాతానికి దిగుతుంది, గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. డబ్బు పడలేదని ఆయన తక్‌పట్టీ మడతలు విప్పి నా బల్ల మీద పెట్టి, "ఇందులో రాసింది నిజమే కదా బిడ్డా?" అని అడిగారు. అందులో బరువు నిజం, ధర నిజం. అయినా ఆయన ఎదుట మా దుకాణం మాట తప్పినట్లయింది. మా యజమాని తన చేతి డబ్బు ఇచ్చి ఆయనను బ్యాంకుకు పంపారు కాబట్టి గడువు దాటలేదు. చిన్న రైతు నమ్మకం మీదే నడిచే వ్యాపారం మాది. దానికి తగిలిన దెబ్బకు మీ సంస్థ జవాబు చెప్పాలి.

తేదీల గొడవ ఇంకొకటి. అప్‌డేట్‌తో పాటు మా ప్రాంతం అమరిక నెలను ముందు రాసే అమెరికాకు మారిపోయింది. బ్యాంకు నుంచి దించుకున్న లావాదేవీల ఫైలులో 05-03 అని ఉన్న మార్చి 5 కాస్తా మే 3 అయింది. 17వ నెల లేదు కాబట్టి 17-03 మాత్రం తేదీగా మారక గడిలో ఎడమ వైపుకు అతుక్కుని ఉండిపోయింది. సగం తేదీలు తిరగబడి, సగం అక్షరాలుగా మిగిలిన పట్టికను వరుసలో పెట్టడం ఎవరి తరం? అదీ ఆర్థిక సంవత్సరం ముగిసే వారంలో. లక్షల దగ్గర ఉండవలసిన కామా కూడా జరిగి 1,25,000 కాస్తా 125,000 అయింది. అది చదువుకోగలం, సరే.

ఇది మా యార్డుకే వచ్చిన కష్టం కాదని మీకూ తెలుసు. స్ప్రెడ్‌షీట్లు మార్చ్1 అనే జన్యువు పేరును మార్చి 1వ తేదీగా మార్చేస్తున్నాయని, 2020లో శాస్త్రవేత్తలు అలాంటి మానవ జన్యువుల పేర్లనే మార్చుకోవలసి వచ్చింది. వాళ్లు పేర్లు మార్చుకోగలిగారు. మా రైతులు ఖాతా సంఖ్యలు మార్చుకోలేరు.

మీరు చిట్కాలు పంపరా అంటే, పంపుతూనే ఉన్నారు. అప్‌డేట్ తర్వాత తెర కుడి పక్కన ఒక పలక తెరుచుకుని, సమావేశాలు ఎలా పెట్టుకోవాలో, రంగుల పటాలు ఎలా గీయాలో ఇంగ్లీషులో చెబుతోంది. ఎదురుగా రైతు నిలబడి ఉండగా బరువులు ఎక్కిస్తుంటే మొత్తాల వరుస దాని కింద దాగిపోతోంది. మూసేస్తే మర్నాడు మళ్లీ వస్తుంది. అదే పలకలో "ఖాతా సంఖ్యలున్న వరుసను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి, లేదా సంఖ్య ముందు ఒక పై కామా పెట్టండి" అని తెలుగులో ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతమందికి మేలు జరిగేది! ఆ ఉపాయం మాకు పక్క దుకాణం కుర్రాడు చెప్పాడు. చెప్పవలసిన వాళ్లు మీరు.

కాబట్టి కోరుతున్నాను. ఫైలు తెరిచేటప్పుడు వరుసల రకం అడిగే పాత పద్ధతిని తిరిగి పెట్టండి. 15 అంకెలు దాటిన సంఖ్యను అడగకుండా మార్చకండి, మార్చవలసి వస్తే ఎర్రగా హెచ్చరించండి. అప్‌డేట్ ఎప్పుడు ఎక్కాలో మమ్మల్ని ఎంచుకోనివ్వండి, అందులో ఏం మారిందో తెలుగులో ముందుగా తెలపండి. మేం పెట్టుకున్న ప్రాంతం, తేదీ అమరికల జోలికి రాకండి. చిట్కాల పలకను శాశ్వతంగా మూసే వీలు కల్పించండి.

అప్‌డేట్‌కు ముందు, తర్వాత తీసిన తెర చిత్రాలను, రైతుల వివరాలు చెరిపి, జతచేస్తున్నాను. మీ సహాయ కేంద్రానికి ఇదివరకే ఫిర్యాదు చేస్తే, యంత్రం పంపిన ధన్యవాదాలు తప్ప జవాబు రాలేదు. ఈసారి మనిషి రాసిన జవాబు కావాలి. దసరా తర్వాత పత్తి డబ్బుల చెల్లింపులు మొదలవుతాయి, ఆలోగా దీన్ని సరిచేయండి. లేకపోతే చందా తిరిగి ఇప్పించమని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం.

ఇట్లు,
లెక్కల గుమస్తా,
అడ్తి దుకాణం, బాదేపల్లి మార్కెట్ యార్డు.