సున్నపురాయి దేశం నుంచి రమణకు

ప్రియమైన రమణా,

మొన్న ఫోనులో "అంత దూరం వెళ్ళి రాళ్ళూ రప్పలే చూసి వచ్చావా?" అన్నావు. అవును, రాళ్ళే చూశాను. అయితే ఆ రాళ్ళ సంగతి ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది. పిడుగురాళ్ళలో పుట్టి సున్నపు బట్టీల మధ్య పెరిగిన నీకు పూర్తిగా అర్థమవుతుంది. అందుకే ఫోను పక్కన పెట్టి ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు దారి చెబుతాను, పటం దగ్గర పెట్టుకో. మధ్య అమెరికాలో మాయా అనే ప్రాచీన జాతి కట్టిన పట్టణాలు చూడ్డానికి వెళ్ళాం. గ్వాటెమాలాలో ఆంటిగ్వా అనే పాత రాజధాని దగ్గర బయలుదేరాం. 1773 భూకంపంలో దెబ్బతిన్న ఊరు అది. కూలిన చర్చిలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అక్కడి నుంచి సరిహద్దు దాటి హోండురస్‌లో కోపాన్, తిరిగి గ్వాటెమాలాలోకి వచ్చి కిరిగువా, తర్వాత ఉత్తరాన పెతెన్ అడవి, అందులో తికాల్. చివరగా బెలీజ్ దేశం, దాని గుహలు, కరీబియన్ సముద్రంలో కీ కాకర్ అనే చిన్న దీవి. ఒక చిన్న వ్యాను, అందులో మేం పదిమందికి కాస్త పైన. కెనడా నుంచి ఒక రిటైరైన నర్సు, హాలండ్ నుంచి కొత్త దంపతులు, మిగతావాళ్ళు తలా ఒక దేశం. పెద్ద బస్సుల్లో వచ్చేవాళ్ళు గంట కొట్టినట్టు దిగి, ఫొటోలు తీసుకుని ఎక్కేస్తారు. మేం మాత్రం ఒక చెట్టు దగ్గర ఆగాలనిపిస్తే ఆగాం, ఒక ఇంటివాళ్ళు భోజనానికి పిలిస్తే వెళ్ళాం. ఇలాంటి చోట్లకు చిన్న బృందంతోనే వెళ్ళాలని నాకు గట్టిగా అనిపించింది.

కోపాన్‌లో రాయి మన రకం కాదు. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి అయిన రాయి, కొద్దిగా ఆకుపచ్చ చాయ. ఉలికి చక్కగా లొంగుతుంది కాబట్టే అక్కడి శిల్పాలు అంత లోతుగా, బొమ్మ వెనక బొమ్మ ఉన్నట్టుగా చెక్కగలిగారు. అక్కడ ఒక మెట్ల వరుస ఉంది. అరవైకి పైగా మెట్లు, ప్రతి మెట్టు ముఖం మీదా అక్షరాలే, రెండు వేలకు పైగా గుర్తులు. మాయా లిపిలో ఇప్పటిదాకా దొరికిన అతి పొడవైన శాసనం అదే. కానీ చాలా మెట్లు ఎప్పుడో జారి కింద కుప్పపడ్డాయి. 1930ల్లో తిరిగి పేర్చినప్పుడు ఆ లిపి చదవగలిగినవాళ్ళు లేరు. అందువల్ల కింది కొన్ని మెట్లు తప్ప మిగతా వరుస కలగాపులగమైపోయింది. ఒక రాజవంశం చరిత్ర కళ్ళ ముందే ఉంది, వాక్యాలు మాత్రం చెదిరిపోయాయి. ఆ మెట్ల కింద నిలబడి చాలాసేపు కదలలేకపోయాను.

ఆ వంశంలో పదమూడో రాజు గొప్ప శిల్పప్రియుడు. 738లో తన కింద సామంతుడిగా ఉన్న కిరిగువా రాజు చేతికే చిక్కాడు, తల పోగొట్టుకున్నాడు. మర్నాడు కిరిగువాకు వెళితే, గెలిచినవాడు నిలబెట్టించుకున్న రాతి స్తంభాలు అరటితోటల మధ్య ఉన్నాయి. అందులో ఒకటి పది మీటర్లు దాటిన ఎత్తు, మాయా శిలాస్తంభాలన్నిటిలోకీ పెద్దది. పెద్దదే, కానీ నా మనసు కోపాన్ వైపే మొగ్గింది.

ఇక మీ నాన్నగారికి చదివి వినిపించాల్సిన సంగతి. కోపాన్ గోడల మీదా నేలల మీదా పూసిన సున్నపు గార పదమూడు వందల ఏళ్ళ వానలకు తట్టుకుని ఉంది. ఎలాగని స్పెయిన్ పరిశోధకులు పరీక్షలు చేశారు. 2023లో వాళ్ళు ప్రచురించింది చదివితే ఆశ్చర్యపోతావు. అక్కడి మేస్త్రీలు చుకుమ్, హియోతె అనే చెట్ల బెరడు నానబెట్టి, ఆ రసం సున్నంలో కలిపేవారట. దాంతో గారకు గట్టిదనం, నీటిని ఆపే గుణం వచ్చాయి. మన గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం కలిపేవారని మీ నాన్నగారు చెప్పలేదా? రెండు చోట్లా మేస్త్రీలు ఒకరిని ఒకరు చూడలేదు, ఒకరి మాట ఒకరు వినలేదు. సున్నం గురించి ఒకే ఎరుకకు వచ్చారు.

మాయా మేస్త్రీల దగ్గర మన బట్టీల్లాంటివి తక్కువ. పచ్చి కట్టెలను గుండ్రంగా, ఎత్తుగా పేర్చి, పైన సున్నపురాయి ముక్కలు పరిచి, మధ్యలో నిప్పు పెట్టేవారు. కాలిన రాయిని చల్లగాలికీ వానతుంపరకూ వదిలేస్తే అదే పొడిగా విచ్చుకునేది. ఇప్పటికీ కొన్ని పల్లెల్లో అలా కాలుస్తారు. ఎన్ని చెట్లు పోతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద పట్టణాలు అంతరించడానికి సున్నం కోసం అడవి నరకడం కూడా ఒక కారణమని కొందరు పరిశోధకులు వాదిస్తారు.

పెతెన్‌లో అడుగుపెట్టాక కాలి కిందంతా సున్నపురాయే. తికాల్ ఆ రాయితోనే లేచింది. నాలుగో గుడి దాదాపు అరవై అయిదు మీటర్ల ఎత్తు. పక్కన వేసిన చెక్క మెట్ల మీదుగా చీకటితోనే ఎక్కాం. పొగమంచులో నుంచి మిగతా గుడుల శిఖరాలు ఒక్కొక్కటే తేలాయి, హౌలర్ కోతులు అరిచాయి. అంతా నువ్వు ఫొటోల్లో చూసిందే, కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. నాకు అంతకన్నా నచ్చింది చెరువులు.

తికాల్‌కు నది లేదు. వేలాదిమంది ఉన్న రాజధాని ఏడాదిలో నాలుగైదు నెలలు వాన చుక్క లేకుండా గడపాలి. అందుకని రాజభవనాల ముంగిళ్ళను వాలుగా కట్టి, సున్నపు గార పూసి, పడిన వాన ప్రతి చుక్కా కింది చెరువుల్లోకి దిగేలా చేశారు. మా గైడు మమ్మల్ని దారి తప్పించి అలాంటి ఒక చెరువు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడది చెట్లు మొలిచిన గుంట. గట్టు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో చెరువులో నీరు వచ్చే దారిలో స్ఫటికపు ఇసుకా, జియోలైట్ అనే ఖనిజమూ వేసి నీటిని వడగట్టారని 2020లో తేలింది. మన పల్నాడులో వేసవి నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని నిలబడిన మనకు ఆ గుంట విలువ గుడి శిఖరం కన్నా తక్కువ కాదు.

ఆ గైడు ఊరు ఉవాశాక్తున్, తికాల్‌కు ఉత్తరాన అడవి మధ్యలో ఉంది. వాళ్ళ తాత సపోటా చెట్లకు గాట్లు పెట్టి జిగురు తీసేవాడు. ఒకప్పుడు చూయింగ్ గమ్ తయారైంది ఆ జిగురుతోనే. మనం పెరట్లో పెంచుకునే సపోటాకు పుట్టిల్లు ఆ ప్రాంతమే, రమణా. ఒక మాను దగ్గర ఆపి, బెరడు మీద ఏటవాలుగా పైదాకా పోయిన పాత కత్తిగాట్లు చూపించాడు. గాట్లు మానిపోయి అంచులు పెదవుల్లా ఉబ్బి ఉన్నాయి. వేలు పెట్టి తడిమి చూశాను. గుడుల ద్వారాలకు పైకమ్మీలు కూడా ఆ కలపే. చెక్కిన కొన్ని పైకమ్మీలు ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఎక్కడ ఉండాలో నేను చెప్పనవసరం లేదు.

1990లో ఆ అడవినంతా రక్షిత ప్రాంతంగా ప్రకటించాక, ఉవాశాక్తున్, కార్మెలిటా లాంటి ఊళ్ళకు తమ చుట్టూ ఉన్న అడవిని చూసుకునే హక్కు ఇచ్చారు. లెక్క ప్రకారం కలప కొడతారు, అలంకరణకు వాడే ఒక రకం తాటి ఆకు కోసి అమ్ముతారు. ఆ ఊళ్ళ చేతిలో ఉన్న అడవి నిలబడింది. పశువుల మేత కోసం ఆక్రమించిన చోట్ల తగలబడింది. అడవిలో మనుషులు ఉండకూడదని వాదించేవాళ్ళను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాలి.

నాకు కోపం తెప్పించే మాట ఇంకొకటుంది. మాయా నాగరికత మొత్తం ఎక్కడికో కనుమరుగైపోయిందని టీవీ కార్యక్రమాలు చెబుతుంటాయి. తికాల్‌లో చివరి శాసనం 869 నాటిది, నిజమే. రాజులు పోయారు, జనం పోలేదు. మేం బస చేసిన ఫ్లోరెస్ దీవి వాళ్ళ చివరి రాజ్యానికి రాజధాని. స్పెయిన్ సైన్యానికి అది లొంగింది 1697లో! ఈనాటికీ గ్వాటెమాలాలో ఇరవైకి పైగా మాయా భాషలు మాట్లాడుతున్నారు. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షలమందికి పైగా చనిపోయారు లేదా అదృశ్యమయ్యారు. గుర్తించగలిగిన బాధితుల్లో నూటికి ఎనభై మూడు మంది మాయా ప్రజలేనని సత్యశోధన కమిషన్ 1999లో తేల్చింది. వాళ్ళను చంపినవాళ్ళకు వాళ్ళు ఉన్నారని బాగానే తెలుసు.

మాకు భోజనం పెట్టింది కెక్చీ అనే మాయా తెగకు చెందిన ఒక కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడ ముందు రాత్రే మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి నానబెట్టింది. పొద్దున గింజల పొట్టు చేతుల మధ్య రుద్దితే ఊడిపోతోంది. కడిగి, రాతి మీద నూరి, పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తట్టి తట్టి పెనం మీద వేసింది. జొన్నరొట్టె తట్టే మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. సున్నం వేయకపోతే మొక్కజొన్నలోని ఒక విటమిను ఒంటికి పట్టదు. ఆ గింజను ఐరోపా తీసుకెళ్ళినవాళ్ళు సున్నం సంగతి వదిలేశారు. దాంతో అదే తిని బతికిన పేదలు పెలాగ్రా జబ్బుతో అల్లాడారు. గుడికి పూసిన సున్నమే కూటిలోకీ వచ్చింది. నల్ల చిక్కుళ్ళ కూర, ఆ రొట్టెలు, నూరిన పచ్చిమిరప. కడుపు నిండా తిన్నాను.

బెలీజ్‌లోకి వెళ్ళాక భాష ఇంగ్లీషు. 1981 దాకా బ్రిటిష్ వలస. అక్కడ క్యారెట్టూ హబనేరో మిరపా కలిపిన ఒక సాసు ప్రతి బల్ల మీదా ఉంటుంది. గుంటూరు కారం తిన్న నాలుకకు కూడా అది గట్టిదే.

శాన్ ఇగ్నాసియో దగ్గరి ఆక్తున్ తునిచిల్ ముక్నల్ గుహ గురించి ఎంత రాసినా చాలదు. అడవిలో నడిచి, ఒకే వాగును మూడుసార్లు దాటి, గుహ నోట్లోకి ఈదుకుంటూ వెళ్ళాలి. తల మీద దీపం, మెడ దాకా చల్లటి నీళ్ళు. రాళ్ళ సందుల్లో పక్కకు తిరిగి దూరాలి. చాలా దూరం వెళ్ళాక పైగదికి ఎక్కిస్తారు. అక్కడ బూట్లు విప్పి మేజోళ్ళతోనే నడవాలి. నేల మీద ఎక్కడ చూసినా కుండలు, పన్నెండు వందల ఏళ్ళుగా పెట్టినచోటే ఉన్నాయి. సున్నపు నీరు కారి కారి కొన్ని నేలకు అతుక్కుపోయాయి. ఒక కుండ అంచుకు చిన్న రంధ్రం, కావాలని కొట్టింది. కరువు ముదిరిన కాలంలో వాన దేవుడి కోసం జనం గుహల్లో లోలోపలికి వెళ్ళి నైవేద్యాలు పెట్టారని పరిశోధకుల అంచనా. చివర్లో ఒక యువ అస్థిపంజరం వెల్లకిలా ఉంది. ఎముకలన్నిటినీ సున్నపు స్ఫటికాలు కప్పేశాయి, దీపం పడితే మెరుస్తాయి. అందంగా ఉందని ఎవరో అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. బలి అయిన బిడ్డ అది. కెమెరాలు లోపలికి రానివ్వరు. 2012లో ఒక యాత్రికుడి చేతిలోంచి కెమెరా జారి ఒక పుర్రె మీద పడింది. అప్పటి నుంచి నిషేధించారు. మంచి పని చేశారు.

తర్వాత కీ కాకర్. ఇసుక దారులు, కార్లు లేవు, సైకిళ్ళూ బ్యాటరీ బండ్లూ మాత్రమే. సముద్రంలోకి దిగితే పగడపు గోడ. అది కూడా సున్నపురాయే, రమణా, ఇంకా ప్రాణంతో పెరుగుతున్నది! నీళ్ళలో తల ముంచగానే ముందు వినిపించింది కరకర చప్పుడు. చిలక ముక్కులాంటి నోటితో చేపలు పగడాన్ని గీకి నాచు తింటున్నాయి. మింగిన రాతి పొడి తెల్లటి ఇసుకగా బయటికి వస్తుంది. ఆ చేపలు లేకపోతే నాచు కమ్మేసి పగడం చస్తుంది. అందుకే బెలీజ్ 2009లో వాటిని పట్టడం నిషేధించింది. సముద్రంలో చమురు తవ్వకాన్నీ ఆపేసింది. దాంతో 2018లో యునెస్కో ఆ పగడపు దిబ్బలను ప్రమాద జాబితా నుంచి తీసేసింది. నాలుగు లక్షల జనాభా ఉన్న దేశం చమురు డబ్బు వద్దనుకోవడం చిన్న సంగతి కాదు. అయినా 2019 నుంచి పగడాలను తినేసే ఒక కొత్త రోగం అక్కడా మొదలైంది. తెల్లబడి చచ్చిన తలకాయల్లాంటి ముద్దలు నేనే చూశాను. వాటి పక్కనే విసనకర్రల్లాంటి ఊదారంగు పగడాలు ఊగుతున్నాయి.

అందుకే అంటున్నాను, ఎప్పుడో కాదు, త్వరగా రా. జూన్ నుంచి వానలు, ఆ తర్వాత నవంబరు దాకా తుఫాన్ల భయం. వాగు పొంగితే గుహ మూసేస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. కృష్ణలో ఈదినవాడివి, గుహలో నీళ్ళకు నువ్వు భయపడక్కర్లేదు. నేను ఇంకోసారి వెళ్ళడానికి సిద్ధం. నీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి రాయి, మిగతా ఏర్పాట్లు నేను చూస్తాను.

నీ,
ప్రభాకర్