గోదావరి తీరాల్లో మా పిల్లల కోసం ఒక విన్నపం

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారం.

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఇళ్లలో ఆదివారం వస్తే పిల్లలు జపించే పేర్లు కొన్ని ఉన్నాయి: అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం, పేరుపాలెం. వాళ్లకు అక్కడ పెద్ద హంగులేం అక్కర్లేదు. తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూళ్లు కడతారు. కలుగులోకి దూరే ఎర్ర పీత వెంట పరిగెడతారు. సరుగుడు తోట నీడలో పులిహోర డబ్బా విప్పితే ఆ ఇసుక చేతులతోనే తినేస్తారు. మా నాలుగేళ్ల పాప ఇంటికొచ్చాక కూడా అల వచ్చిందంటూ కాళ్లు వెనక్కి లాక్కుని నవ్వుతుంది.

మా టెన్షనల్లా నీళ్ల గురించే. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట నది తెచ్చిన ఇసుక మేటలు వేస్తుంది. వరదకూ, తుఫానుకూ ఆ మేటలు చోటు మారతాయి. మొన్న మోకాలి లోతున్న చోట ఈసారి గుండం ఉండొచ్చు. ఆటు వేళ నది నీరు, సముద్రపు నీరు కలిసి లోపలికి లాగుతాయి. అలలు విరగకుండా నెమ్మదిగా కనిపించే చోటు పిల్లలకు మంచిదని అనుకుంటాం గానీ, రెండు మేటల మధ్య నుంచి నీరు వెనక్కి పోయే దారి తరచూ అక్కడే ఉంటుంది. అందులో పడితే ఈత వచ్చినవాళ్లు కూడా ఒడ్డు వైపే ఈది అలిసిపోతారు. ముందు ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలని చాలామందికి తెలియదు.

ఇవన్నీ మన మత్స్యకారులకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. రోజూ పొద్దున్నే నీళ్లు చూసి, పిల్లలు దిగదగ్గ మేరకు ఎరుపు పసుపు జెండాలు పాతే పని ఆ ఊరి యువకులకే ఇవ్వండి. శిక్షణ ఇవ్వండి, నెల నెలా జీతం ఇవ్వండి. ఒకసారి పాతి వదిలేసిన బోర్డు వల్ల ఇక్కడ లాభం లేదు, మేటలతో పాటు అది కదలదు కదా. 2020లో విశాఖలోని రుషికొండ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అందుకు నీటి శుభ్రతతో పాటు లైఫ్‌గార్డులు, ప్రథమ చికిత్స కూడా ఉండాలి. ఆ గుర్తింపు మాకు రాకపోయినా ఫర్వాలేదు, ఆ జాగ్రత్త కావాలి.

నీడ, మంచినీళ్లు, తాళం వేయని మరుగుదొడ్డి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది కూడా అవసరమే. ఒడ్డు మీద బైకులు, జీపులు తిరగనివ్వకండి. ఇసుకలో ఆడుకునే పిల్లలకూ, గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకూ అవి ప్రమాదమే.

కార్తీక మాసంలో ఈ తీరాలు సముద్ర స్నానాలతో, వనభోజనాలతో కిటకిటలాడతాయి. ఆ లోపు కనీసం అంతర్వేది, పేరుపాలెంలో జెండాల ఏర్పాటు జరిగేలా చూడండి. మిగతావి ఆ తర్వాత అడుగుతాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఇద్దరు పిల్లల తల్లి