డబ్బు పెట్టినవాడిదేనా జట్టు?

సంపాదకుడు గారికి,

2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్లో గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చిపెట్టాడు. 2025లో అదే జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. అభిమానులను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కార్పొరేట్ డబ్బు వద్దని నేననను. జీతాలు, మైదానం, ప్రయాణాలు చందాలతో నడవవు. కానీ కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి ఎవరెంత చందా ఇచ్చినా, ప్రభను పక్క జిల్లాకి పట్టుకుపోతానంటే ఊరు ఊరుకుంటుందా?

జర్మనీలో ఈ తగువు లేకుండా 50+1 నిబంధన పెట్టుకున్నారు. పెట్టుబడి ఎవరిదైనా ఓటింగులో మెజారిటీ క్లబ్బు సభ్యులదే. కంపెనీల చేతుల్లో ఉన్న లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్బులకు మినహాయింపు ఇచ్చారు, దానిమీద అక్కడ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ క్లబ్బు సంగతి మరీ ఘోరం. 2005లో కూల్‌డ్రింకుల కంపెనీ రెడ్‌బుల్ కొన్నాక ఊదా రంగు జెర్సీయే పోయింది, అభిమానులు వేరే క్లబ్బు పెట్టుకున్నారు. కోల్‌కతా వాళ్లు మాత్రం గట్టివాళ్లు. తమ క్లబ్బు మోహన్ బాగాన్ పేరు ముందు తగిలించిన కార్పొరేట్ జట్టు పేరు ‘ఏటీకే’ను 2023లో తీయించేదాకా వదల్లేదు.

పేరు, రంగు, ఊరు మార్చాలంటే నమోదైన అభిమానుల ఓటు తప్పనిసరి అని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) క్లబ్ లైసెన్సు నిబంధనల్లోనే రాయాలి. ఆ ఒక్క షరతుకే పారిపోయే పెట్టుబడిదారుడు ఎలాగూ నిలబడడు.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
అమలాపురం