పిల్లల పళ్ల డాక్టరు దగ్గరే క్లిప్పులూ వెయ్యాలి

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో పిల్లల పళ్లు చూసే డాక్టర్లు చేసే సేవ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పుచ్చుపన్ను తీయడం, సిమెంటు పెట్టడం వరకు ఏ లోటూ లేదు. ఎత్తుపళ్లు, వంకర పళ్లు అనేసరికి మాత్రం "క్లిప్పులు మా దగ్గర వెయ్యమండి, రాజమండ్రి తీసుకెళ్లండి" అంటున్నారు. మా పాప విషయంలోనూ అంతే. ఆ వైద్యం కూడా అదే ఆసుపత్రిలో దొరికేలా చూడమని మన డాక్టర్లను అడుగుతున్నాను.

క్లిప్పులు వేశాక నెలకోసారి వెళ్లి చూపించుకోవాలి, ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. వెళ్లిన రోజల్లా పాపకి బడి పోతుంది, వాళ్ల నాన్నకి తోట పని ఆగుతుంది, సరే, అదైనా పడతాం. మధ్యలో ఊడితేనే అసలు బాధ. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో జీడి కొరికితే దవడ పంటికి అంటించిన బ్రాకెట్ ఊడొచ్చింది, తీగ కొస బుగ్గ లోపల గుచ్చుకుని పిల్ల అన్నం కూడా తినలేకపోయింది. డాక్టరు గారిచ్చిన మైనం చిన్న ఉండ చేసి ఆ కొసకి అద్ది ఎలాగో రాత్రి గడిపాం. పండగ రద్దీలో, కాలు పెట్టే సందులేని బస్సులో అంత దూరం వెళ్తే అక్కడ పట్టింది కాసేపే.

పిల్లల డాక్టరు దగ్గరే కావాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఉంది. పాలపన్నేగా, ఊడిపోయేదేగా అంటారు ఇళ్లల్లో. దవడల్లోని పాలపళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండి, కింద నుంచి రాబోయే పన్నుకి చోటు కాపాడతాయి. పుచ్చిపోయి ముందే తీసేస్తే, ఆరేళ్లకి వచ్చిన పెద్ద దవడపన్ను ఆ ఖాళీలోకి జరిగిపోతుంది, తర్వాత వచ్చేదానికి చోటుండక వంకరగా వస్తుంది. తీసిన వెంటనే స్పేస్ మెయింటెయినర్ అని చిన్న తీగ రింగు పెడితే చాలావరకు ఆ ఇబ్బంది తప్పుతుంది. వంకర పళ్లు సరిచేసే డాక్టర్ల (ఆర్థోడాంటిస్టుల) అమెరికా సంఘం కూడా ఏడేళ్లకల్లా ఒకసారి చూపించమంటోంది. అంటే ఆ వయసులో అందరికీ క్లిప్పులు వేసెయ్యమని కాదు, ఎప్పుడు వెయ్యాలో, అసలు అక్కర్లేదో చెప్పడానికి. ఆ వయసు పిల్లలు వచ్చేది పిల్లల డాక్టరు దగ్గరికే కదా!

అలాగని ఏదో చిన్న కోర్సు చేసి వాళ్లే క్లిప్పులు మొదలుపెట్టాలని నేననను. బీడీఎస్ తర్వాత మూడేళ్లు దానికోసమే ఎండీఎస్ చదివినవాళ్లుంటారు. భీమవరంలో, రాజానగరంలో డెంటల్ కాలేజీలే ఉన్నాయి. అలా చదివినవాళ్లలో ఒకరిని నెలలో రెండు రోజులు రాజోలుకో అమలాపురానికో రప్పించి, ఏ రోజు వస్తారో బోర్డు మీద రాస్తే చాలు. గుచ్చుకునే తీగ కత్తిరించడం లాంటివి మధ్యలో ఇక్కడి డాక్టరు గారే చూడొచ్చు, ఎక్స్‌రేలూ ఒకేచోట ఉంటాయి.

ఖర్చు మాత్రం మొత్తం ముందే కాగితం మీద రాసివ్వండి. క్లిప్పులు తీశాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే అవి మళ్లీ జరుగుతాయి, దాని డబ్బు కూడా అందులోనే చూపించాలి. కొబ్బరి రైతుల చేతిలో డబ్బు ఆడేది కాయల దింపు అయినప్పుడే. వాయిదాలు కూడా అలా కట్టనిస్తే వైద్యం సగంలో మానేసేవాళ్లు తగ్గుతారు.

ఒక తల్లి,
మలికిపురం మండలం